ఉత్తర సర్కారుల పాత బొమ్మ కార్డుల సేకరణ

మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తరపు అంచున ఉత్తర సర్కారులని పిలిచిన గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల దృశ్యాలతో బ్రిటిష్ కాలంలో అచ్చయిన పిక్చర్ పోస్టుకార్డులను వెదికి, కాలక్రమంలో అమర్చి, భద్రపరిచే వ్యాసంగం ఇది. ఈ కార్డుల్లో నాటి ఊళ్లు ఉన్నవున్నట్టు కనిపిస్తాయని చాలామంది నమ్మకం. నిజానికి అవి ఊళ్ల కన్నా, కార్డులు కొన్నవారి అభిరుచికీ, ఫొటోగ్రాఫర్లు నడిచిన దారులకూ గట్టి సాక్ష్యాలు.

1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో పుట్టిన పోస్టుకార్డు, 1879 జులైలో పావు అణా ధరతో భారతదేశానికి వచ్చింది. అప్పటికి దానిమీద బొమ్మ లేదు. బ్రిటన్ 1894లో ప్రైవేటు కార్డులను అనుమతించింది. 1902లో వెనుకవైపును నిలువుగీతతో రెండుగా చేసి, ఉత్తరం, చిరునామా పక్కపక్కనే రాసుకోనిచ్చింది. దాంతో ముందువైపు మొత్తం బొమ్మకే దక్కింది. మద్రాసులో హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల షాపు, వీలే అండ్ క్లైన్ స్టూడియో వంటివి ఇలాంటి కార్డులను మార్కెట్లోకి తెచ్చాయి. అచ్చుపని చాలావరకు జర్మనీలో జరిగేది. 1914 యుద్ధం ఆ సరఫరాను తెంచింది. ఈ జిల్లాల్లో 1893లో బెజవాడ వద్ద కృష్ణపై రైలు వంతెన సిద్ధమయ్యాక తీరం వెంట ప్రయాణం సులువైంది. కనుకనే వంతెన, ఆనకట్ట, విశాఖ సముద్రతీరం వంటివి కార్డులకెక్కాయి. నైజాం సరిహద్దుకు చేరువగా, రైలుకు ఎడంగా ఉన్న తిరువూరు, ఎ.కొండూరు వంటి మెరక ఊళ్లవైపు కెమెరా మళ్లడానికి వ్యాపార కారణం లేదు.

స్టాంపు చూస్తే కాలం తేలిపోతుందని కొందరంటారు. ఎడ్వర్డ్ రాజు స్టాంపులు 1902లో, జార్జి రాజువి 1911లో వచ్చిన మాట వాస్తవమే. కానీ పాత ఫొటోతో కార్డులను ఏళ్ల తరబడి అమ్మేవారు. తపాలా ముద్ర కార్డు ఎప్పటికల్లా చలామణిలో ఉందో చెబుతుందే తప్ప, ఫొటో ఎప్పుడు తీశారో చెప్పదు. బొమ్మలో బెజవాడ వంతెన పూర్తయి కనిపిస్తే 1893కు ముందుది కాదని తేల్చవచ్చు. అలాంటి ఆనవాలూ ముద్రా కలిస్తేనే కాలానికి రెండు హద్దులూ దొరుకుతాయి.

ఈ సేకరణపైనే బలమైన అభ్యంతరం ఒకటుంది. మనుషులను పేరు లేకుండా కులం, తెగ నమూనాలుగా నిలబెట్టిన కార్డులను కూడబెట్టడం వలస పాలకుల చూపును కొనసాగించడమే అని. అల్జీరియా కార్డుల్లోని వలస చూపుపై రచయిత మాలెక్ అలూలా 1981లో ఇలాంటి విమర్శే చేశాడు. విమర్శ న్యాయమైనదే, అయితే కార్డులను పారవేస్తే ఆ చూపుకున్న రుజువూ పోతుంది. బొమ్మ కింది మాట, ప్రచురణకర్త పేరు, వెనుక రాసిన ఉత్తరం కలిపి నమోదు చేసినప్పుడు, ఎవరిని ఎవరు ఎవరికోసం నిలబెట్టారో బయటపడుతుంది. ముందువైపు మాత్రమే ఫొటో తీసి దాచుకునే పద్ధతి ఆ అవకాశాన్ని చెరిపేస్తుంది. అలాగే, ఒక ఊరికి కార్డు దొరకనంతమాత్రాన అక్కడ చూడదగినది లేదని అర్థం కాదు; కొనేవారు లేరన్నది అంతకన్నా నమ్మదగిన వివరణ.