గోదావరీ మండలమున కాఫీ, తేనీరు

గోదావరీ తీరవాసులు కాఫీని దక్షిణమునుండి వచ్చిన పానీయముగా మాత్రమే తలతురు. త్రాగుట విషయమున నది యుక్తమే కావచ్చును గాని, సేద్యము విషయమున పొసగదు. 1898వ సంవత్సరమున బ్రోడీ యను ఆంగ్లేయాధికారి నాటి గోదావరీ మండలపు మన్యమున, పాములేరు లోయయందు, కాఫీ మొక్కలను నాటించెను. నేటి ఆంధ్రప్రదేశమున కాఫీ సేద్యమునకు అదియే మొదలని చెప్పుదురు. అచటినుండి యది పుల్లంగికిని, విశాఖపట్టణ మండలమందలి గూడెమునకును వ్యాపించెను. అరకు, పాడేరు ప్రాంతములకు చేరినది పిమ్మటనే. అయినను కీర్తి యరకునకు దక్కినది. 2019లో భౌగోళిక గుర్తింపు లభించినదియు నా లోయ పేరిటనే. అనంతరజాతకు పట్టము గట్టి అగ్రజను మరచినట్లున్నది.

మన్యమున పంట యిట్లుండగా, డెల్టాయందు ప్రాతఃకాల పానీయము వేఱు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన పిమ్మట వరి విస్తరించిన యీ సీమలో ఉదయమున చల్దియన్నమును, దానితోడి తరవాణియు నింటింటి వాడుక. అన్నము పులిసిన నీటితో నిండిన తరవాణి కుండ గృహిణికి నిత్యకృత్యము. కాఫీ పాత్ర వచ్చి యా కుండను ప్రక్కకు నెట్టెను. 1900లో గోదావరిపై హావలాక్ వంతెన మీద రైళ్లు నడువసాగెను. చెన్నపట్టణముతోడి రాకపోకలు సులభమయ్యెను. 1903నాటి తేయాకు సుంకపు శాసనము వలన వచ్చిన ధనముతో తేనీటికి ప్రచారము జరిగెను. కాఫీకట్టి సుంకము 1935లో గాని యేర్పడలేదు.

పేరుల చరిత్రము మఱింత రుచికరము. అరబీ 'ఖహ్వా' తురుష్క, డచ్చి భాషలమీదుగా ఆంగ్లమున చేరి, మనకు కాఫీయైనది. ఆ డచ్చివారే 17వ శతాబ్దమున పాలకొల్లున వర్తకశాల నిలిపి వస్త్రములు కొనిరి. అంతమాత్రమున కాఫీని వారే యిచట నేర్పిరని యూహించుట సాహసము. చీనాదేశమున నొకే యాకునకు రెండుచ్చారణములు కలవు. 'తే' యనునది ఫుకియెన్ తీరపు పలుకు, సముద్రమార్గమున ఐరోపా చేరినది. 'చా' యనునది భూమార్గమున పారసీకమునకు వచ్చినది. కావుననే కోస్తావారు ఆంగ్లము వలన 'టీ' యనగా, హైదరాబాదువారు ఉర్దూ వలన 'చాయ్' అందురు. ఒక భాషవారి నోట రెండు మార్గములును నిలిచినవి. ఇక 'తేనీరు' అను మాటలో తేనె లేదు; అది 'తే', 'నీరు' కలిసిన సమాసము మాత్రమే. చెవికి తీయగా తోచుట దాని యదృష్టము.

పాములేటి తోటల పిదప మన్యమున కాఫీ సేద్యము ప్రభుత్వాధీనమున పెరిగెను. 1960 మొదలు అటవీశాఖ రక్షితారణ్యములందు తోటలు వేయగా, 1985లో నవి అటవీ అభివృద్ధి సంస్థకు అప్పగింపబడెను. మారేడుమిల్లి చెంత మిరియపు తీగెలతో కూడిన కాఫీ తోటలు నేడును కలవు.