రేడియేటరు లేని కారు

కారన్నాక రేడియేటరు ఉండాలి, అందులో నీళ్ళు పోయాలి అన్నది మన తరం వారికి అంబాసిడర్, ఫియట్ నేర్పిన పాఠం. వేసవిలో బానెట్ ఎత్తి చల్లారేదాకా చెట్టుకింద నిలబడని వారు మన సభ్యులలో తక్కువే. నీటిచుక్క అక్కరలేని కారు ఒకటి మా హనుమాన్ జంక్షన్ దగ్గర పెదనాన్నగారి మామిడితోటలో ఉండేది. దాని సంగతి ప్రత్యేక సంచికకు వ్రాయమని కార్యదర్శిగారు కోరగా ఈ నాలుగు ముక్కలు.

అది వోక్స్‌వ్యాగన్ బీటిల్. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన. ఇంజను వెనుక ఉంటుంది. పడుకోబెట్టిన నాలుగు సిలిండర్లకు రెక్కలుంటాయి. డైనమో ఇరుసు చివరనున్న ఫ్యాను, ఒక రేకు డొప్ప గుండా ఆ రెక్కలమీదికి గాలి తోస్తుంది. డైనమోను, ఫ్యానును తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతుంది, వెంటనే బండి ఆపవలసిందే. మన దేశంలో విదేశీ కార్ల దిగుమతి కట్టడిలో ఉన్న ఆ రోజుల్లో, తిరిగి వెళ్ళిపోయే దౌత్య ఉద్యోగుల కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్ముడయ్యేవి. అలా చేతులు మారిన 1200 సీసీ బండిని 1969లో పెదనాన్నగారు మద్రాసులో కొన్నారు.

కొనడం తేలికే, విడిభాగాలే గండం. ఇక్కడ తయారయ్యే అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ మూడూ నీటితో చల్లబడేవే. కనుక కారు మెకానిక్కులకు ఈ రేకుల పని తెలియదు. 1978లో ఒకాయన సిలిండర్ల కింది రేకులు ఊడదీసి, "గాలి ఇంకా బాగా ఆడుతుందండీ" అని పాత ఇనుములో పారేశాడు. నిజానికి ఆ రేకులు గాలిని సిలిండరు చుట్టూ అదిమిపట్టి నడిపించేవి. అవి లేకపోతే గాలి దొరికిన సందున జారిపోతుంది. పైగా 1971 మోడలుకు ముందున్న ఈ ఇంజన్లలో ఆయిల్ కూలరు డొప్పలోనే నిలబడి 3వ సిలిండరుకు పోయే గాలికి అడ్డుపడుతుంది. తరువాతి మోడళ్ళలో దానిని పక్కకు జరిపారు. రెండో వేసవికి ఆ 3వ సిలిండరు వాల్వే విరిగింది.

అసలు సంగతి గ్రహించినవాడు జంక్షన్‌లోని స్కూటరు మెకానిక్కు. "ఇది పెద్ద లాంబ్రెట్టా అండీ, ముసుగు తీస్తే మాడిపోద్ది" అన్నాడు. లాంబ్రెట్టా గానీ, మన హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ గానీ ఫ్యాను మీది డొప్ప తీసి నడపకూడదని అతనికి అనుభవం. నా మటుకు నాకు ఆ ఒక్క మాట పెద్ద మాన్యువల్ పెట్టు.

రేకులకోసం మద్రాసు పుదుపేట పాత సామాను వీధుల్లో రెండు రోజులు తిరిగాను. ఒక పక్కవి దొరికాయి. పార్సిలు రైల్లో 'నూజివీడు' పేరున వచ్చి జంక్షన్‌లోనే దిగింది. తెలియనివారికి చెబుతున్నాను, నూజివీడు స్టేషను ఉన్నది మా ఊళ్ళోనే. రెండోపక్క రేకులను ఒక రేకుపనివాడు నమూనా చూసి తిరగవేసి కొట్టాడు. ఇంజను గది చుట్టూ ఉండే రబ్బరు అంచు కూడా పోయింది. అది లేకపోతే కింది వేడిగాలినే ఫ్యాను మళ్ళీ పీల్చుతుంది. బెజవాడ ఆటోనగర్‌లో లారీ అద్దాలకు వేసే రబ్బరు బీడింగు తెచ్చి కోసి అతికించాము. బెల్టు పొడవు సుమారు 90 సెంటీమీటర్లు. కొలత కలిసిన స్వదేశీ వి-బెల్టుతో గడిచిపోయింది. బిగువు సరిచేయడానికి పుల్లీ చెక్కల నడుమ వాషర్లు మార్చడమే. అందరూ కంగారుపడిన థర్మోస్టాటు మాత్రం లేకపోయినా కొంప మునగలేదు. చలిలో గాలి తగ్గించడం దాని పని. మన ఎండలకు తలుపులు తెరిచే ఉన్నా నడిచింది.

1986లో పెదనాన్నగారు పోయాక కారు షెడ్డు పాలయింది. 2011లో ఇంట్లోవారు తూకానికి అమ్మేద్దామన్నారు. నెల గడువు అడిగాను. డొప్ప విప్పితే ఎలుకలు ఎండుగడ్డి, మామిడాకులు కూరి గూడు కట్టాయి. అది చూడకుండా స్టార్టు చేసి ఉంటే ఒక పక్క రెండు సిలిండర్లు మాడేవి. చివరి బీటిల్ 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో తయారైంది. మొత్తం 2,15,29,464 కార్లు. అందువల్ల కొత్తగా చేసిన రేకులు విదేశాల నుంచి నేటికీ తెప్పించుకోవచ్చు, కానీ మాకు వచ్చినవి పలచన, బోల్టు రంధ్రాలు కలవలేదు. ఒరిజినల్ పాత రేకును సాపుచేసి వేసుకోవడమే నయం.

ప్రస్తుతం కారు తిరుగుతోంది. మామిడికాయల రోజుల్లో నూజివీడు దాకా వెళ్ళి వస్తాము. డిక్కీలో బెల్టు, వాషర్లు, 21 నంబరు స్పానరు ఉంటాయి. మద్రాసులో దొరకని ఆ రెండోపక్క రేకులు నాకు ఇంకా కావాలి. సభ్యుల షెడ్డుల్లో ఎక్కడైనా ఉంటే, పాత ఇనుము బండికి వేసేముందు సంఘం ఆఫీసుకు కబురు చేయగోరుతాను. రవాణా ఖర్చు నాదే.