పేరు చెప్పండి, అడ్రసు చెప్పండి

నవంబరు 1, 2025. శనివారం మధ్యాహ్నం మూడు దాటింది. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ గవర్నమెంట్ సెంటర్ పార్కింగులో కారుకు చోటు దొరకడానికి మీరు రెండు చుట్లు తిరగాల్సి వచ్చింది. వర్జీనియాలో ముందస్తు ఓటింగుకు ఇదే ఆఖరి రోజు. అయిదింటికి ముగిస్తారు. ఆ తర్వాత మిగిలేది మంగళవారం పోలింగ్ ఒక్కటే.

కారు దిగి నాలుగడుగులు వేశారో లేదో, రెండు పార్టీల వాళ్ళూ ఎదురొచ్చారు. నీలం టోపీ పెట్టుకున్న పెద్దాయన డెమొక్రాట్ల నమూనా బ్యాలెట్ చేతిలో పెట్టాడు. పక్కనే ఎర్ర స్వెటర్ ఆవిడ రిపబ్లికన్లది ఇచ్చి, ఓటు వేస్తున్నందుకు థాంక్స్ చెప్పింది. రెండూ తీసుకోండి, తప్పులేదు. గుమ్మానికి నలభై అడుగుల దూరంలోనే వాళ్ళు ఆగిపోవాలి. ఆ గీత దాటాక ప్రచారం కూడదని చట్టం.

లైను మెల్లగా కదులుతోంది. మీ ముందు నిలబడ్డాయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. అక్టోబరు 1న మొదలైన ప్రభుత్వ షట్‌డౌన్‌కు ఇవాళ ముప్పై రెండో రోజు. ఆఫీసు లేదు, జీతం రావడం లేదు. పొటోమాక్ నది దాటితే వాషింగ్టన్ కాబట్టి ఉత్తర వర్జీనియాలో ఏ వీధిలో చూసినా ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. ఏడాది మొదట్లో ఉద్యోగాల కోతలు, ఇప్పుడు ఇది. పేదలకు కేంద్రం ఇచ్చే ఆహార సాయం కూడా ఈ నెలకు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ అత్యవసర స్థితి ప్రకటించి, రాష్ట్ర ఖజానాలోంచి తీసి ఇచ్చే ఏర్పాటు చేశారు.

వెనకనుంచి తెలుగు వినపడుతుంది.

"అక్కా, గవర్నర్‌కా ఇంత లైను?"

"రాజ్‌భవన్ గవర్నర్ అనుకుంటున్నావా? ఇక్కడ మన ముఖ్యమంత్రి చేసే పనంతా ఈయనే చేస్తాడు. ఈసారి ఈయన కాదులే, ఈమె."

ఆమె చెప్పింది నిజం. 1776లో పాట్రిక్ హెన్రీ మొదలుకొని డెబ్బై నాలుగో గవర్నర్ యంగ్‌కిన్ దాకా అందరూ మగవాళ్ళే. మొదట్లో శాసనసభే ఎన్నుకునేది, 1851 నుంచి జనం ఎన్నుకుంటున్నారు. ఒకసారి గవర్నరైన మనిషి వెంటనే రెండోసారి పోటీ చేయకూడదన్న నిబంధన దేశంలో ఒక్క వర్జీనియాలోనే మిగిలింది. అందుకే యంగ్‌కిన్ ఈసారి బ్యాలెట్ మీద లేరు. ఉన్నది డెమొక్రాట్ అబిగైల్ స్పాన్‌బర్గర్, రిపబ్లికన్ విన్సమ్ ఎర్ల్-సియర్స్.

ఎర్ల్-సియర్స్ జమైకాలో పుట్టారు. తండ్రి 1963లో జేబులో డాలరు డెబ్బై అయిదు సెంట్లతో అమెరికాలో దిగాడని ప్రతి సభలోనూ చెబుతారు. ఆరేళ్ళ పిల్లగా తానూ వచ్చారు. మెరైన్స్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు. 2001లో నార్ఫోక్ ప్రాంతంలో ఇరవయ్యేళ్ళుగా పాతుకుపోయిన డెమొక్రాట్‌ను ఓడించి రాష్ట్ర ప్రతినిధుల సభకు వెళ్ళారు. 2021లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. గెలిస్తే అమెరికా చరిత్రలోనే గవర్నరైన మొదటి నల్లజాతి మహిళ అవుతారు. చేతిలో డాలర్లు లెక్కబెట్టుకుంటూ ఈ దేశంలో దిగిన మన వాళ్ళెవరికైనా ఆ కథ మనసుకు తాకుతుంది. నాకూ తాకింది. కానీ ఆమె ప్రచారంలో ఎక్కువ భాగం బడి బాత్‌రూములు, ఆడపిల్లల ఆటల్లో ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల చుట్టూ తిరిగింది. ఇంటి ఖర్చుల సంగతి వెనక్కి పోయింది. ఒక్క కార్ ట్యాక్స్ మాత్రం గట్టిగా పట్టుకున్నారు, రద్దు చేస్తానన్నారు.

కార్ ట్యాక్స్ అంటే ఇక్కడివాళ్ళకు ఒళ్ళు మండుతుంది. కొన్నప్పుడు కట్టిన పన్ను చాలదని, కారు మన దగ్గర ఉన్నన్నాళ్ళూ దాని విలువను బట్టి ఏటా కౌంటీకి కట్టాలి. 1997లో జిమ్ గిల్మోర్ ఆ పన్ను తీసేస్తానన్న ఒక్క నినాదంతో గవర్నరయ్యారు. కొంత తగ్గింది గానీ పోలేదు. అక్టోబరులో బిల్లు కట్టి వచ్చిన చేతులే ఇవాళ ఈ లైనులో నమూనా బ్యాలెట్లు పట్టుకుని నిలబడ్డాయి.

స్పాన్‌బర్గర్ దారి వేరు. రాష్ట్ర రాజధాని రిచ్మండ్ పక్కన హెన్రైకో కౌంటీలో పెరిగారు, సీఐఏలో అధికారిగా పనిచేశారు. 2018లో రిపబ్లికన్ల కంచుకోటలాంటి నియోజకవర్గంలో గెలిచి కాంగ్రెసుకు వెళ్ళి, మూడు దఫాలు అక్కడే ఉన్నారు. ఆమె సభల్లో ఇంటి అద్దె, మందుల ధర, కరెంటు బిల్లు, ఊడిన ఫెడరల్ ఉద్యోగాలు, ఈ నాలుగే. ఇవాళ నార్ఫోక్‌లో ఒబామా ఆమె పక్కన నిలబడి మాట్లాడారు. అదే నార్ఫోక్‌లో అక్టోబరు 9న ఇద్దరి మధ్యా ఒకే ఒక్క చర్చ జరిగింది. ఎర్ల్-సియర్స్ పదేపదే అడ్డుపడి ప్రశ్నలు వేస్తూనే ఉన్నారు, స్పాన్‌బర్గర్ అటు తిరగకుండా కెమెరా వైపే చూస్తూ మాట్లాడారు. చూసినవాళ్ళు కొందరు దాన్ని నిగ్రహం అన్నారు, కొందరు తప్పించుకోవడం అన్నారు.

తప్పించుకోవడం అన్నవాళ్ళ దగ్గర ఒక బలమైన కారణం ఉంది. అటార్నీ జనరల్ పదవికి డెమొక్రాట్ల అభ్యర్థి జే జోన్స్ 2022లో పంపిన టెక్స్ట్ మెసేజులు అక్టోబరు 3న బయటపడ్డాయి. ప్రత్యర్థి పార్టీ నాయకుడొకరిని కాల్చడం గురించి అందులో రాశాడు. స్పాన్‌బర్గర్ ఆ మాటల్ని ఖండించారు గానీ, అతన్ని తప్పుకోమని అనలేదు. నాకది మింగుడుపడలేదు. పైగా అప్పటికే ఓటింగు మొదలై రెండు వారాలు. ముందే వేసినవాళ్ళ ఓటు వెనక్కి రాదు. నలభై అయిదు రోజుల ముందస్తు ఓటింగు పనిచేసుకునేవాళ్ళకు ఎంత మేలో, దాని ధర కూడా అంతే నిజం.

ఓటింగు మొదలైంది సెప్టెంబరు 19న. మీ వెనక అక్క పక్కన నిలబడ్డ తమ్ముడికి ఆ తేదీ ఇంకో కారణానికి గుర్తుంది. ఆ రోజే వైట్‌హౌస్‌లో కొత్త హెచ్‌1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన మీద సంతకం పడింది. అతను ఓటరు కాదు, అక్కను దింపడానికి వచ్చాడు. గ్రీన్ కార్డు వరసలో మన దేశం వాళ్ళ నిరీక్షణ దశాబ్దాల లెక్కలోకి వెళ్ళిపోయింది. పౌరసత్వం దాకా వెళ్ళి ఓటు వేసే రోజు ఎప్పుడో అతనికే తెలియదు.

వీసాల మీద గవర్నర్‌కు అధికారం లేదు. కానీ అతను కట్టే రాష్ట్రపు ఆదాయపు పన్ను, పిల్లలు చదివే బడి, రోజూ నడిపే రోడ్డు, నెల తిరిగేసరికి వచ్చే కరెంటు బిల్లు, వీటన్నిటి మీదా రిచ్మండ్ చేయి ఉంది. ఇక్కడికి అరగంట దూరంలో, మన తెలుగువాళ్ళు వీధులకు వీధులు నిండిన ఆష్‌బర్న్‌లో, ప్రపంచంలోనే ఎక్కువ డేటా సెంటర్లు ఒకచోట గుమిగూడాయి. వాటిలో మనవాళ్ళకు ఉద్యోగాలున్నాయి, వాటి కరెంటు ఆకలి తాలూకు భయం కూడా మనవాళ్ళకే ఉంది. డేటా సెంటర్లు తమ వాటా ఖర్చు తామే భరించాలని స్పాన్‌బర్గర్ అంటున్నారు. ఎర్ల్-సియర్స్ కరెంటు ధరల తప్పును 2020 నాటి రాష్ట్ర క్లీన్ ఎకానమీ చట్టం మీద పెడుతున్నారు. మొన్న అక్టోబరులోనే విశాఖపట్నానికి 1500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ పెట్టుబడిని గూగుల్ ప్రకటించింది. విశాఖలో రేపు అడగాల్సిన ప్రశ్నల్ని ఆష్‌బర్న్ ఇవాళ బ్యాలెట్ మీద అడుగుతోంది. ఆంధ్రలో ఉన్నవాళ్ళు ఈ ఎన్నికను కాస్త దగ్గరగా చూడాలని నా కోరిక.

నమూనా బ్యాలెట్‌లో రెండో వరస చూడండి. లెఫ్టినెంట్ గవర్నర్: డెమొక్రాట్ గజాలా హష్మీ, రిపబ్లికన్ జాన్ రీడ్. హష్మీ 1964లో హైదరాబాదులో పుట్టారు. నాలుగేళ్ళప్పుడు జార్జియా వచ్చారు, దాదాపు ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పారు, 2019లో వర్జీనియా సెనేట్‌కు ఎన్నికైన మొదటి ముస్లిం అయ్యారు. ఈ పదవికి వేరే ఓటు, గవర్నర్‌తో కలిపి జంటగా వేయరు. సెనేట్‌లో ఇప్పుడు డెమొక్రాట్లు 21, రిపబ్లికన్లు 19. ఓట్లు సమానమైనప్పుడు తేల్చేది లెఫ్టినెంట్ గవర్నరే. నదికి అటుపక్క మేరీలాండ్‌లో ఈ పదవిలో ఉన్న అరుణా మిల్లర్ కూడా హైదరాబాదులో పుట్టినవారే, పుట్టింటిపేరు కాట్రగడ్డ.

తలుపు దాటారు. టేబుల్ దగ్గర కూర్చున్న ఎన్నికల ఉద్యోగిని తలెత్తి చూసింది. పేరు చెప్పండి, అడ్రసు చెప్పండి. కార్డు చేతిలో ఉన్నా నోటితో చెప్పమంటారు. మీరు చెప్పిన పేరును ఆమె పైకి పలకాలి, అది చట్టం. ఇంటిపేరు దగ్గర ఒక్క క్షణం ఆగింది, అక్షరం అక్షరం కూడబలుక్కుని పూర్తిగా పలికింది. సరిగ్గా పలికానా అని అడిగింది. సరిగ్గానే పలికింది. ఈ గదిలో మీ పేరు ఇలా వినిపించడం కోసం ఎన్ని ఫారాలు నింపారో, ఎన్ని వేలిముద్రలు ఇచ్చారో మీకే తెలుసు.

చేతిలోకి కాగితం బ్యాలెట్ వచ్చింది. గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, ప్రతినిధుల సభ సభ్యుడు. కింద, బడుల కోసం కౌంటీ అప్పు తేవచ్చా అన్న ప్రశ్న. పెన్నుతో గుండ్రాలు నిండుగా దిద్దండి, తొందరేమీ లేదు. 2017లో న్యూపోర్ట్ న్యూస్‌లో ప్రతినిధుల సభ సీటుకు ఇద్దరికీ 11,608 ఓట్లే వచ్చాయి. ఒకే ఒక్క బ్యాలెట్ మీద ఇద్దరి పేర్ల దగ్గరా గుండ్రం దిద్ది ఉంది. ముగ్గురు జడ్జీలు కూర్చుని దాన్ని రిపబ్లికన్ ఖాతాలో వేస్తే లెక్క సమానమైంది. చివరికి జనవరిలో మ్యూజియం నుంచి తెచ్చిన గిన్నెలో చీటీలు వేసి ఒకటి తీశారు. ఆ చీటీతో డేవిడ్ యాన్సీ గెలిచాడు, ఆ గెలుపుతో సభ 51–49తో రిపబ్లికన్ల చేతిలో నిలిచింది.

గవర్నర్ పదవికి కూడా 1989లో డగ్లస్ వైల్డర్ అర శాతం కన్నా తక్కువ తేడాతో గెలిచారు. బానిసల మనవడు, దేశంలో ఎన్నికల్లో గెలిచిన మొదటి నల్లజాతి గవర్నర్. బానిసత్వం కోసం యుద్ధం చేసిన రాష్ట్రాల ఒకప్పటి రాజధాని రిచ్మండ్‌లో ఆయన ప్రమాణం చేశారు.

మెషీన్ నోట్లో బ్యాలెట్ పెట్టారు. లోపలికి లాక్కుంది, తెర మీద లెక్కలో చేరినట్టు చూపించింది. చొక్కాకు స్టిక్కరు అంటించుకుని బయటికి వస్తే అక్కాతమ్ముళ్ళు మీకన్నా ముందే కారు దగ్గరున్నారు. ఆమె ఇంకో స్టిక్కరు అడిగి తెచ్చి తమ్ముడి కోటుకు అంటించబోతే, అతను వద్దన్నాడు. "నేను వేసినప్పుడు పెట్టుకుంటా అక్కా."

కార్తీక శనివారం. అక్కణ్ణుంచి వాళ్ళు బ్రాడక్ రోడ్డులో వెంకటేశ్వరస్వామి గుడికి వెళుతున్నారు, మీరూ అటే. గుడి పార్కింగులో నలుగురు మగవాళ్ళు విజయవాడ, హైదరాబాదు రాజకీయాలు నియోజకవర్గాల వారీగా విప్పి చెప్పుకుంటున్నారు. ఒకాయనకు గుంటూరు జిల్లాలో పోయినసారి వచ్చిన మెజారిటీలు కూడా గుర్తున్నాయి.

"మరి ఇక్కడ వేశారా అన్నా?" అని ఆమె అడిగింది.

ఆయన పౌరుడై చాలా ఏళ్ళయింది. "ఇది పెద్ద ఎలక్షన్ కాదు కదమ్మా, ప్రెసిడెంటు ఎలక్షనప్పుడు వేస్తాం."

"మీ పెద్దమ్మాయి బడికి అప్పు తేవాలా వద్దా అని అడుగుతున్నారు. కరెంటు బిల్లు, కార్ ట్యాక్స్ రిచ్మండ్‌లో తేలతాయి. పోయినసారి రాష్ట్రమంతా కలిపి తేడా 64 వేలు కూడా లేదు. వీడు వేయలేడు, మీరు వేయగలరు."

ఆయన తమ్ముడి వైపు చూసి, ఫోను తీశాడు. "మా పోలింగ్ కేంద్రం ఎక్కడో ఎలా చూడాలమ్మా?"

"ఇలా ఇవ్వండి, మీ అడ్రసు చెప్పండి. మంగళవారం పొద్దున ఆరింటికి తెరుస్తారు, సాయంత్రం ఏడింటి దాకా. వదిన గారిని కూడా తీసుకెళ్ళండి."