ఆదివారము నుండి పెరిగిన సంవత్సరము

గోడమీది కాలెండరు జనవరితో మొదలగును. శ్రీసభ సంవత్సరము మాత్రము క్రిస్మస్‌కు ముందు నాల్గవ ఆదివారమున, ఆగమన కాలముతో మొదలై, క్రీస్తు రాజు పండుగ వారముతో ముగియును. ఆగమనము, క్రీస్తు జయంతి, తపస్సుకాలము, పాస్కా, సాధారణ కాలము అని జ్ఞానోపదేశములో మనము నేర్చుకొన్నాము. కాని చరిత్రలో ఈ కాలములు ఈ వరుసలో పుట్టలేదు.

తొలి క్రైస్తవులకు క్రిస్మస్ లేదు, తపస్సుకాలము లేదు. ఉన్నది ఆదివారము. ప్రభువు ఉత్థానమైన దినమని ఆనాడు కూడి, లేఖనములు చదివి, అప్పమును పంచుకొని, పేదలకై కానుకలు ప్రోగుచేయుచుండిరని క్రీ.శ. 150 ప్రాంతమున పునీత జస్టిన్ వ్రాసియున్నారు. వారము వారము జరుగు ఈ ఉత్థాన స్మరణకు తోడుగా ఏటేట పాస్కా పండుగ వెలసినది.

దానిని ఏనాడు జరుపవలెనను విషయమై పెద్ద తగవే వచ్చినది. ఆసియా మైనరు సంఘములు యూదుల నీసాను నెల 14వ నాడు, అది ఏ వారమైనను, పాస్కా జరుపగా, రోము ఆదివారమునే పాటించుచుండెను. 190 ప్రాంతమున విక్టర్ పోపుగారు ఆసియా వారిని వెలివేయబూనగా, లియోను మేత్రాణులు పునీత ఇరెనేయుస్ శాంతి వహింపుమని వారికి హితవు చెప్పిరి. 325లో నీసియా మహాసభ అందరును ఒకే దినమున జరుపవలెనని నిర్ణయించినది. వసంత విషువత్తు తరువాతి పున్నమి దాటిన ఆదివారమే ఈస్టరు అను లెక్క స్థిరపడినది. తిథులతో పండుగలు లెక్కించు తెలుగువారికి, ఈస్టరు మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఏల మారుచుండునో వేరుగా చెప్పనక్కరలేదు.

పాస్కా రాత్రి జ్ఞానస్నానము పొందువారి సిద్ధపాటుతో కూడి నలువది దినముల తపస్సుకాలము స్థిరపడినది. ఉత్థాన సంతోషము ఏబది దినములు సాగి పెంతెకోస్తుతో ముగిసెడిది. డిసెంబరు 25న క్రీస్తు జయంతి రోములో 336 నాటికి జరుగుచున్నట్లు ఆధారమున్నది. 380 దశకమున యెరూషలేము యాత్ర చేసిన ఎజేరియా అను భక్తురాలు, మ్రానికొమ్మల ఊరేగింపును, శుక్రవారపు సిలువ ఆరాధనను కన్నులార చూచి వ్రాసినది.

ఇంతటి పాస్కా జాగరణయే తరువాతి కాలమున మరుగున పడినది. రాత్రి జరుగవలసినది సాయంత్రమునకు, ఆపై పగటికి జరిగినది. 1566లో ఐదవ పయస్ పోపుగారు మధ్యాహ్నము తరువాత దివ్యపూజ జరుపరాదని ఆజ్ఞాపించుటతో అది శనివారము ఉదయమునకే నిలిచిపోయినది. 1642లో ఆ దినము విధి పండుగల పట్టికనుండి తొలగగా, పనిపాటలవారు రాలేకపోయిరి. రాత్రిని కీర్తించు గీతమును గురువులు పట్టపగలు, కొద్దిమంది ఎదుట పాడుచుండిరి. ఈ పండుగను శత్రువులెవ్వరును తీసివేయలేదు. కొంచెము కొంచెముగా జరుపుటయే చాలినది.

1951లో పన్నెండవ పయస్ పోపుగారు దానిని తిరిగి రాత్రికి అనుమతించి, 1955లో పరిశుద్ధ వారమంతటిని సంస్కరించిరి. ద్వితీయ వాటికన్ మహాసభ 1963లో ఆదివారమే మూలమైన పండుగ అని చాటినది. 1969లో ఆరవ పౌలు పోపుగారు ప్రకటించిన నూతన కాలెండరు 1970 జనవరి 1 నుండి అమలైనది. 1925లో స్థాపింపబడి అక్టోబరులో జరుగుచుండిన క్రీస్తు రాజు పండుగ సంవత్సరాంతమునకు మారినది. మన దేశమునకు సువార్త తెచ్చిన పునీత తోమాసుగారి పండుగ డిసెంబరు 21 నుండి జూలై 3కు వచ్చినది.

శతవార్షికోత్సవము జరుపుకొను మనకు ఇందొక హెచ్చరిక ఉన్నది. క్రిస్మస్ రాత్రి దేవాలయము నిండును. ఫిబ్రవరి 11న గుణదల మాత కొండకు వేలాదిగా నడచిపోవుదుము. మంచిదే. కాని పాస్కా రాత్రి ఆలస్యమైనదని, ఆదివారము పని ఉన్నదని మనము జరుపుకొనుచు పోయిన, చెట్టు వేరు విడిచి కొమ్మలకు నీరు పోసినట్లగును. పోయినదానిని తిరిగి తెచ్చుటకు శ్రీసభకు దాదాపు నాలుగు వందల ఏండ్లు పట్టినది. రానున్న పాస్కా రాత్రి, పిల్లలను నిద్రలేపియైనను వెంటబెట్టుకొని, చేతిలో వత్తితో ఆ చీకటిలో నిలుచుదము. ఈ సంవత్సరమంతయు ఆ వెలుగు నుండియే పుట్టినదని వారు కన్నులార చూతురు గాక.