గళ్లలో కుదిరిన ఏడాది: కంప్యూటర్ క్యాలెండర్ పుట్టుపూర్వోత్తరాలు

ఏడాది మొత్తాన్ని ఒకే కాగితం మీద అచ్చువేయాలంటే రెండు పనులు తెమలాలి. ఏ తేదీ ఏ వారమో లెక్క తేలాలి, తేలిన అంకెలు గళ్లలో ఇమడాలి. మొదటిది గణితం, రెండోది అక్షరాల కూర్పు. శతాబ్దాల పాటు ఈ రెండూ వేరువేరు మనుషుల చేతుల్లో ఉండేవి. వాటిని ఒక్కచోటికి చేర్చింది కంప్యూటరే.

లెక్కకు పునాది 1582లో అమల్లోకి వచ్చిన గ్రెగొరియన్ పద్ధతి. అందులో ప్రతి 400 ఏళ్లకు 97 లీపు సంవత్సరాలు వస్తాయి. మొత్తం 1,46,097 రోజులు, అంటే సరిగ్గా 20,871 వారాలు. ఒక్క రోజు కూడా మిగలదు కాబట్టి 400 ఏళ్లకు తేదీలూ వారాలూ మళ్లీ మొదటికొస్తాయి. జనవరి 1 ఏ వారమో, అది లీపు సంవత్సరమో కాదో తెలిస్తే చాలు, ఏడాది స్వరూపం తేలిపోతుంది. అలాంటి స్వరూపాలు 14 మాత్రమే.

ఏ తేదీ ఏ వారమో చెప్పే సూత్రాన్ని 1880ల్లో జర్మనీకి చెందిన క్రిస్టియన్ జెల్లర్ ప్రకటించారు. ఇంకో దారి కూడా ఉంది. జోసెఫ్ స్కాలిజర్ 1583లో ప్రతిపాదించిన కాలచక్రాన్ని ఆధారం చేసుకుని, ఖగోళ శాస్త్రవేత్తలు క్రీ.పూ. 4713 జనవరి 1 నుంచి రోజులకు వరస సంఖ్యలు ఇస్తూ వచ్చారు. దీనినే జూలియన్ దిన సంఖ్య అంటారు. 1947 ఆగస్టు 15 దిన సంఖ్య 24,32,413. దాన్ని ఏడుతో భాగిస్తే శేషం 4. సున్నా సోమవారం అనుకుంటే నాలుగు శుక్రవారం. నేటి క్యాలెండర్ ప్రోగ్రాములు చాలావరకు ఇలాంటి కూడికలూ భాగాహారాలతోనే నడుస్తాయి.

బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌లో తొలినాళ్లలోనే ‘క్యాల్’ అనే ఆదేశం ఉంది. సంవత్సరం ఇస్తే పన్నెండు నెలలనూ టైపు మిషన్ మీద కొట్టినట్టు వరసల్లో చూపిస్తుంది. 1752 సెప్టెంబర్ అడిగితే 2వ తేదీ పక్కనే 14 కనిపిస్తుంది. మధ్యలో లేనివి బ్రిటన్ కొత్త పద్ధతికి మారినప్పుడు వదిలేసిన 11 రోజులు. లెక్క నిర్దోషమే, కానీ అది తెర మీది పట్టిక మాత్రమే. అచ్చుకు తగిన అందం దానికి లేదు.

ఆ లోటును తీర్చినది 1984లో అడోబీ తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్. పేజీని వర్ణించే ఈ భాషలో లెక్కలు కూడా చేయవచ్చు. 1987లో ప్యాట్రిక్ వుడ్ దీన్ని ఉపయోగించి క్యాలెండర్ ప్రోగ్రామ్ రాశారు. నెల, సంవత్సరం చెబితే చాలు, ప్రింటరే లెక్క కట్టి గళ్లు గీస్తుంది. దీని మీదే తర్వాత ‘పీక్యాల్’ పెరిగింది.

దాదాపు అదే కాలంలో అక్షరాల కూర్పు మరో దారిలో ముందుకు సాగింది. తన గ్రంథం రెండో సంపుటం పునర్ముద్రణకు వచ్చిన ప్రూఫులు నచ్చక, డొనాల్డ్ నూత్ 1977లో ‘టెక్’ అనే అక్షరాల కూర్పు ప్రోగ్రామ్ రూపకల్పనకు పూనుకున్నారు. లెస్లీ లాంపోర్ట్ దాని మీద ‘లేటెక్’ కట్టారు. పూర్ణాంకాల భాగాహారం టెక్‌లోనే ఉంది కాబట్టి క్యాలెండర్‌కు బయటి సాయం అక్కర్లేదు. టిల్ టాంటౌ రాసిన ‘టిక్‌జ్’ బొమ్మల ప్యాకేజీలో తేదీల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. మొదటి తేదీ, చివరి తేదీ, ఆదివారమైతే ఎరుపు: ఈ మూడూ చెబితే నెల సిద్ధమవుతుంది.

అసలు తంటా వరసలతోనే. 2026 ఫిబ్రవరి ఆదివారంతో మొదలై 28 రోజులతో నాలుగు వరసల్లో చక్కగా సరిపోయింది. అదే ఏడాది మే నెల శుక్రవారంతో, ఆగస్టు శనివారంతో మొదలవుతాయి. ఆదివారాన్ని మొదటి గడిగా పెడితే వాటికి ఆరు వరసలు కావాలి. ఐదే వరసలు గీసిన గోడ క్యాలెండర్లలో 30, 31 తేదీలను పై వరస ఖాళీ గళ్లలో వేయడం మన దగ్గర పరిపాటి. ప్రోగ్రామ్‌కు ఆ అలవాటును విడిగా నేర్పాలి, లేకుంటే ప్రతి నెలకూ ఆరు వరసల చోటు కేటాయించాలి. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. అంచులు, మధ్య ఖాళీలు పోగా అడ్డంగా మూడు నెలలు పెడితే ఒక్కో గడికి దక్కేది ఎనిమిది మిల్లీమీటర్లు. అందులో ‘మంగళ’ అంటే ఇరుకు. అందుకే ఆ, సో, మం, బు, గు, శు, శ.

తెలుగు అక్షరాలు టెక్‌లో సులువుగా కుదిరింది జొనాథన్ క్యూ 2004లో ‘జీటెక్’ విడుదల చేశాకే. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును, కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్‌తో, ఒత్తులు చెదరకుండా అది నేరుగా పేజీ మీదికి తెస్తుంది. మన డీటీపీ సెంటర్లలో మాత్రం పేజ్‌మేకర్, అను ఫాంట్లే చాలాకాలం రాజ్యమేలాయి. నిరుటి ఫైలు తెరిచి అంకెలు మార్చుకునే పద్ధతిలో పాత తేదీ ఒకటి ఎక్కడో మిగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

తిథి దగ్గరికి వస్తే లెక్క మరింత లోతు. చంద్రుడు సూర్యుడి కంటే 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి. సూర్యోదయం చోటును బట్టి మారుతుంది కాబట్టి విజయవాడ క్యాలెండర్‌ను డాలస్‌లో ఉన్న తెలుగువారు ఉన్నది ఉన్నట్టు వాడుకోలేరు. నాచుమ్ డెర్షోవిట్జ్, ఎడ్వర్డ్ రైన్‌గోల్డ్ 1990లో క్యాలెండర్ గణనల మీద వ్యాసం, 1997లో పుస్తకం ప్రచురించారు. హిందూ పంచాంగ గణన కూడా ఆ పుస్తకంలో ప్రోగ్రామ్ రూపంలో ఉంది. ఈమ్యాక్స్ ఎడిటర్‌లోని క్యాలెండర్ రాసింది కూడా రైన్‌గోల్డే. దాన్ని లేటెక్ పేజీలుగా మార్చే భాగంలోనూ ఆయన పాలుంది.

ఏ సూత్రానికీ అందనివి సెలవులు. వాటిని ప్రభుత్వం ఏటా ప్రకటిస్తుంది, రంజాన్ నెలవంక దర్శనాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. సొంతంగా క్యాలెండర్ కూర్చుకునేవారు సెలవుల జాబితాను ప్రోగ్రామ్‌లో కలిపేయకుండా వేరే ఫైల్లో ఉంచుకోవాలి. అప్పుడు మరుసటి ఏడాదికి సంవత్సరం అంకె, ఆ ఒక్క ఫైలు మారిస్తే సరిపోతుంది.