స్టాక్: చెట్టు మొద్దు నుంచి షేర్ మార్కెట్ దాకా

ఇంగ్లీషులో వెయ్యేళ్లకు పైగా వాడుకలో ఉన్న మాట స్టాక్. మొదట్లో దాని అర్థం చెట్టు మొద్దు. తరవాతి శతాబ్దాల్లో అదే మాట వంశానికి, నేరస్థుల కాళ్లు బిగించే కొయ్యకు, తుపాకీ పట్టుకునే చెక్క భాగానికి, అంటు మొక్క వేరుమూలానికి, ఖజానా రసీదుకు, వ్యాపారి పెట్టుబడికి, కొట్లోని సరుకుకు, పశువులకు, రైలు పెట్టెలకు, సూపులో పోసే రసానికి పేరైంది. చూడ్డానికి ఒకదానితో ఒకటి పొత్తు లేనట్టు ఉన్నా, ఈ అర్థాల్లో చాలావాటికి చెట్టు మొదలుకున్న రెండు గుణాలు ఆధారం. మొదలు కదలకుండా నిలబడుతుంది. కొమ్మలన్నీ దాని నుంచే పుడతాయి.

పుట్టుక

పాత ఇంగ్లీషు కాలంలో ఈ మాటకు మొద్దు, మోడు, దుంగ, పాతిన గుంజ అనే అర్థాలుండేవి. దీని చుట్టాలు జర్మానిక్ భాషలన్నిటా కనిపిస్తాయి. జర్మన్‌లో స్టొక్ అంటే కర్ర, ఇంటి అంతస్తు కూడా. డచ్చిలో కర్ర, స్వీడిష్‌లో దుంగ. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ పేరును ఈ దుంగకు, చిన్న దీవి అనే అర్థమున్న మరో మాటకు విడదీసి చెబుతారు.

ఇంగ్లండులో ఊళ్ల పేర్లతో మాత్రం జాగ్రత్త అవసరం. పాత ఇంగ్లీషులో దాదాపు ఇలాగే పలికే వేరే మాట ఒకటి ఉండేది. దానికి చోటు, శివారు పల్లె అని అర్థం. వుడ్‌స్టాక్, స్టోక్ ఆన్ ట్రెంట్ వంటి పేర్లు ఆ మాటవే. వాటికీ చెట్టు మొద్దుకూ సంబంధం లేదు.

మొద్దుకు ప్రాణం లేదు, మాట వినదు. అందువల్ల చెక్కతో చేసిన విగ్రహాన్ని తక్కువ చేసి చెప్పడానికి కూడా ఈ పదాన్ని వాడారు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో, యిర్మీయా గ్రంథంలో స్టాక్ అంటే కొయ్య దేవుడే. చురుకు లేని మనిషిని మొద్దు అనడం తెలుగులో ఉన్నట్టే ఇంగ్లీషులోనూ స్టాక్‌కు ఆ అర్థం వచ్చింది. నలుగురిలో నవ్వులపాలైన మనిషిని లాఫింగ్ స్టాక్ అనడం 16వ శతాబ్దం నుంచి ఉంది.

మాను, కొమ్మలు

మధ్యయుగంలోనే ఈ మాట మనుషుల కుటుంబాలకు పాకింది. మానుకు కొమ్మలున్నట్టు మూలపురుషుడికి సంతతి. ఎవరిదైనా పుట్టుక గురించి చెప్పేటప్పుడు మంచి స్టాక్ నుంచి వచ్చాడనడం ఇంగ్లీషులో నేటికీ వినిపిస్తుంది.

తోటల్లో ఈ పోలిక పోలికగా మిగలకుండా పని పేరైంది. అంటు కట్టేటప్పుడు కింద నేలలో ఉండే వేళ్ల భాగం స్టాక్. పైన అతికించే కొమ్మ సయాన్. 1860ల తరవాత ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఐరోపా ద్రాక్ష తోటలను నాశనం చేసినప్పుడు వాటిని కాపాడింది ఈ పద్ధతే. ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేళ్ల మీద ఐరోపా రకాల కొమ్మలను అంటు కట్టారు. అనంతపురం, నల్లగొండ జిల్లాల బత్తాయి రైతులకు ఈ సంగతి కొత్త కాదు. జంబేరి, రంగపూర్ నిమ్మ వేరుమూలాల మీద కట్టిన సాత్‌గుడి అంట్లు వారికి బాగా తెలిసినవే. వాళ్లు వేరుమూలం అనేదాన్నే ఇంగ్లీషు ఉద్యాన శాస్త్రం రూట్‌స్టాక్ అంటుంది.

తోటల్లో స్టాక్ అనే పూల మొక్క కూడా ఉంది. శాస్త్రీయ నామం మథియోలా ఇంకానా. లవంగం వాసన వచ్చే ఆ మొక్క కాండం చెక్కలా గట్టిపడుతుంది కనక ఆ పేరు వచ్చింది.

కొయ్యతో చేసినవి

మొద్దు నుంచి కోసిన చెక్కతో చేసిన చాలా వస్తువులకు మొద్దు పేరే మిగిలింది. తుపాకీలో భుజానికి ఆనించే చెక్క భాగం స్టాక్. పేల్చే యంత్రం, ఈ చెక్క, గొట్టం కలిస్తే తుపాకీ మొత్తం. ఆ మూడు పేర్లనూ వరసగా కలిపి, ఏదీ మిగల్చకుండా అంతా అనే అర్థంలో వాడే జాతీయం 19వ శతాబ్దపు మొదట్లో స్థిరపడింది. లంగరుకు అడ్డంగా బిగించే దూలమూ స్టాకే. కట్టే ఓడను నిలబెట్టే దూలాల వరసా అదే.

వీటిలో భయపెట్టేది మాత్రం శిక్ష కొయ్య. రెండు పలకల మధ్య కన్నాల్లో కాళ్లు ఇరికించి తాళం వేసి, దోషిని ఊరి నడిబొడ్డున కూర్చోబెట్టేవారు. తెలుగులో దీన్ని బొండకొయ్య అంటారు. ప్లేగు మహమ్మారి తరవాత కూలీల కొరత వచ్చి కూలి రేట్లు పెరిగినప్పుడు, వాటిని అదుపు చెయ్యడానికి ఇంగ్లండు 1351లో ఒక చట్టం చేసింది. దాన్ని మీరిన కూలీల కోసం ప్రతి ఊళ్లోనూ బొండకొయ్య ఉండాలని ఆ చట్టం చెప్పింది. తాగుబోతులు, దిమ్మరులు, చిల్లర దొంగలు అందులో గంటలూ రోజులూ గడిపారు. మెడా చేతులూ ఇరికించే పిలరీ అనే మరో శిక్షను 1837లో రద్దు చేశారు. బొండకొయ్యకు అటువంటి రద్దు చట్టం రాలేదు, వాడుకే తగ్గిపోయింది. ఇంగ్లండులో చివరిసారి వాడినట్టు నమోదైంది 1872లో, న్యూబరీ అనే ఊళ్లో.

కాలి మేజోడుకూ ఈ మాటతో బంధుత్వం ఉంది. 16వ శతాబ్దంలో మగవాళ్లు వేసుకునే బిగుతు తొడుగును రెండు భాగాలుగా చెప్పేవారు. తొడలదాకా ఉన్నది పై స్టాక్, కింద కాళ్లను కప్పేది దిగువ స్టాక్. స్టాకింగ్ అనే మాట అక్కడి నుంచి వచ్చింది.

ఖజానాలో గాట్ల కర్రలు

చెక్కకూ డబ్బుకూ మధ్య ఈ మాట వేసిన వంతెన ఇంగ్లండు రాజుల ఖజానాలో కనిపిస్తుంది. 12వ శతాబ్దం నుంచి ఆ ఖజానా లెక్కలు కర్రల మీద గాట్లు పెట్టి రాసేది. ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో రాసిన గ్రంథం ఆ గాట్ల కొలతలను చెబుతుంది. వెయ్యి పౌండ్లకు అరచేయంత వెడల్పు గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెన వేలంత, ఒక్క పౌండుకు పండిన బార్లీ గింజంత. పెనీకి చెక్క తియ్యకుండా కత్తితో ఒక గీత మాత్రం గీసేవారు.

గాట్లు పెట్టాక కర్రను నిలువునా రెండుగా చీల్చేవారు. పిడి ఉన్న పొడుగు ముక్క పేరు స్టాక్. అది డబ్బు కట్టినవారి చేతికి రసీదుగా వెళ్లేది. పొట్టి ముక్క ఫాయిల్. అది ఖజానాలో ఉండేది. లెక్క చూసే రోజు రెండిటినీ పక్కపక్కన పెడితే గాట్లూ చెక్క పోగులూ కలవాలి. ఏ రెండు కర్రలూ ఒకేలా చీలవు కనక దొంగ రసీదు తయారుచెయ్యడం చాలా కష్టం. కర్రల పేరు ట్యాలీ. తెలుగు గుమాస్తా లెక్క ట్యాలీ అయిందని అంటున్నప్పుడు పలికేది ఆ పేరే.

చదువు రానివాళ్లకూ అర్థమయ్యే ఈ పద్ధతి ఏడు వందల ఏళ్లు నడిచింది. 1782లో పార్లమెంటు దాన్ని రద్దు చేసినా, పాత ఉద్యోగులు తప్పుకొనేదాకా ఆ రద్దు అమలు కాలేదు. చివరికి 1826లో కర్రలు ఆగిపోయాయి. పోగుపడ్డ పాత కర్రలను 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింది కొలుముల్లో కాల్చారు. మంటలు పొగగొట్టాల్లోంచి పైకి ఎగబాకి, ఆ రాత్రికి పార్లమెంటు ఉభయ సభల భవనాలూ బూడిదయ్యాయి. చిత్రకారుడు టర్నర్ ఆ మంటలను కళ్లారా చూసి రెండు తైలవర్ణ చిత్రాలు వేశాడు. ఆ కర్రలను చుట్టుపక్కల పేదలకు వంటచెరకుగా ఇస్తే సరిపోయేది కదా అని రచయిత చార్లెస్ డికెన్స్ 1855లో ఒక ఉపన్యాసంలో నిలదీశాడు.

అప్పు నుంచి వాటా దాకా

ఒకచోట కూడబెట్టిన డబ్బు, మూలధనం అనే అర్థం 15వ శతాబ్దం నాటికి వాడుకలోకి వచ్చింది. ఈ అర్థం ఖజానా కర్ర నుంచి వచ్చిందా, లాభాల కొమ్మలు వేసే మాను అనే ఊహ నుంచి వచ్చిందా అన్న విషయంలో పదచరిత్రకారులు ఒక్క మాట మీద లేరు. ఈ రెండు దారులూ ఒకచోట కలిసిన సందర్భం మాత్రం ఉంది. 1694లో 12 లక్షల పౌండ్లతో పుట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, 1697లో మూలధనం పెంచుకుంది. కొత్త వాటాదారులు ఐదింట నాలుగు వంతులు ప్రభుత్వం తన అప్పులకు హామీగా ఇచ్చిన ట్యాలీ కర్రలుగా, ఒక వంతు బ్యాంకు నోట్లుగా చెల్లించవచ్చంది. పాత స్టాకుకు కొత్తదాన్ని చేర్చే ఆ పనిని తోటమాలి మాటతోనే అంటు కట్టడం అన్నారు.

ఉమ్మడి పెట్టుబడి చరిత్రలో తెలుగు తీరానికీ చోటుంది. 1600 చివరి రోజున రాజపత్రం పొందిన ఈస్టిండియా కంపెనీ, మొదట్లో ఒక్కో యాత్రకూ విడిగా డబ్బు పోగుచేసి, ఓడలు తిరిగొచ్చాక లాభాలు పంచేది. ఏడో యాత్రలో బయలుదేరిన గ్లోబ్ అనే ఓడ 1611లో మచిలీపట్నం చేరింది. గోల్కొండ రాజ్యపు రేవైన ఆ పట్నంలో కంపెనీ వర్తక స్థావరం అప్పుడు మొదలైంది. నేత బట్టలు, కలంకారీ అద్దకాలు అక్కడి ప్రధాన సరుకు. 1613లో కంపెనీ అనేక ఏళ్లకు కలిపి ఒకే నిధి పోగుచేసింది. దాన్ని మొదటి జాయింట్ స్టాక్ అన్నారు. 1657లో అప్పటి ఇంగ్లండు పాలకుడు క్రామ్‌వెల్ ఇచ్చిన పత్రంతో ఆ ఉమ్మడి పెట్టుబడి శాశ్వతమైంది. ఆ తరవాత వాటాదారుడు డబ్బు వెనక్కి కావాలంటే కంపెనీని అడగడు, వాటాను మరొకరికి అమ్ముకుంటాడు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలుసుకోవడానికి ఒక చోటు కావాలి.

లండన్‌లో ఆ చోటు ఎక్స్చేంజ్ ఆలీ అనే సందులోని జోనాథన్స్ కాఫీ హౌస్. 1698 నుంచి జాన్ కాస్టెయింగ్ అనే బ్రోకర్ అక్కడ ధరల పట్టిక అచ్చువేసి అమ్మాడు. 1720లో సౌత్ సీ కంపెనీ స్టాకు జనవరిలో సుమారు 128 పౌండ్ల నుంచి వేసవిలో 1,000 దాకా ఎగిరి, ఏడాది తిరిగేలోగా కుప్పకూలింది. బ్రోకర్లు 1773లో సొంత భవనంలోకి మారి దానికి స్టాక్ ఎక్స్చేంజ్ అని పేరు పెట్టారు. న్యూయార్క్‌లో 24 మంది బ్రోకర్లు 1792లో వాల్ స్ట్రీట్‌లోని ఒక చెట్టు పేరుతో గుర్తుండిపోయిన ఒప్పందం చేసుకున్నారు. బొంబాయి దళారులు 1850ల్లో టౌన్ హాలు ముందు మర్రిచెట్ల కింద బేరాలాడి, 1875లో సంఘంగా ఏర్పడ్డారు. హైదరాబాద్ స్టాక్ ఎక్స్చేంజ్ 1943లో మొదలై, 2007లో గుర్తింపు కోల్పోయింది.

అట్లాంటిక్‌కు రెండు వైపులా అర్థం ఒకటి కాదు. అమెరికాలో స్టాక్ అంటే కంపెనీలో వాటా. బ్రిటన్‌లో వాటాను షేర్ అనడమే ఎక్కువ. అక్కడ ప్రభుత్వ రుణపత్రాలకు స్టాక్ పేరు చాలాకాలం నిలిచింది.

సరుకు, పశువులు, రసం

దగ్గర ఉంచుకుని అవసరమైనప్పుడు తీసుకునేదంతా స్టాకే అయింది. వ్యాపారికి కొట్టులో నిల్వ, రైతుకు పశువులు, రైల్వేకు పట్టాల మీద నడిచే ఇంజన్లూ పెట్టెలూ. ఎముకలనో కూరగాయలనో మరిగించి తీసిన రసానికి ఈ పేరు 18వ శతాబ్దంలో వచ్చింది, ఎందుకంటే అనేక సూపులకు అది మూలం. ఎప్పుడూ సిద్ధంగా ఉండేది అనే భావం నుంచే అరిగిపోయిన మాటలకు, మూసలో పోసినట్టుండే నాటక పాత్రలకు ఆ విశేషణం అంటుకుంది.

తెలుగులో స్టాకు

తెలుగు ఈ అర్థాలన్నిటిలో ప్రధానంగా రెండిటినే సొంతం చేసుకుంది: సరుకు నిల్వ, షేర్ల బజారు. పెట్రోలు బంకు ముందు నో స్టాక్ బోర్డు, రేషన్ బియ్యం చేరే మండల స్థాయి స్టాక్ పాయింట్, బడి మధ్యాహ్న భోజనం స్టాకు రిజిస్టరు, మందుల స్టాకిస్టు అన్నీ మొదటి కోవలోవి.

మిగిలిన అర్థాలకు తెలుగు తన మాటలతోనే దారి వేసుకుంది. చెట్టు మొదలు అన్నప్పటి మొదలు, వడ్డీ చేరక ముందున్న అసలు సొమ్మూ ఒకే మాట. మొదటికే మోసం వచ్చిందనే వాడుకలో పోయేది పెట్టుబడే. మూలధనంలోని మూలం అంటే వేరు. పశువులను సొమ్ములు అనడం తెలుగు పల్లెల్లో ఉంది. చెట్టునూ పశువునూ ఆధారం చేసుకుని బతికిన రెండు జాతులు, ఒకరి ఊసు ఒకరికి తెలియకముందే, సంపదకు ఒకే చోటి నుంచి పేర్లు తీసుకున్నాయి.

అనువాదకులకు, విద్యార్థులకు ఈ చరిత్ర నేరుగా పనికొస్తుంది. ఇంగ్లీషు పుస్తకంలో స్టాక్ కనిపిస్తే ముందు ఆ పుస్తకం ఏ కాలానిది, ఏ రంగానిది, ఏ దేశానిది అని చూసుకోవాలి. మధ్యయుగపు కోర్టు పత్రంలో అది బొండకొయ్య, ఖజానా దస్త్రంలో రసీదు కర్ర, తోటపని పుస్తకంలో వేరుమూలం, లండన్ రుణపత్రం మీద ప్రభుత్వ అప్పు, న్యూయార్క్ దినపత్రికలో కంపెనీ వాటా.