ఒక రేవు, రెండు గుళ్ళు, పలు చిరునామాలు

పట్టిసీమ రేవులో పడవ ఎక్కి, గోదావరి నడుమనున్న దేవకూటాద్రి చేరినవారికి వీరభద్రేశ్వరుడు, క్షేత్రపాలకుడైన భావనారాయణస్వామి ఇద్దరూ దర్శనమిస్తారు. "మీరు ఏ గుడికి?" అని పడవవాడు అడగడు. ఇద్దరికీ కొండ ఒకటే, రేవు ఒకటే.

కంప్యూటర్లలోనూ ఇటువంటి ఏర్పాటున్నదని నా పూర్వవిద్యార్థి ఒకడు చెప్పాడు. "మాస్టారూ, ఒకే నెట్‌వర్క్ కార్డుకు పది ఐపీ చిరునామాలైనా ఇవ్వవచ్చండి" అన్నాడు. ఇంటికొక నంబరే కదా అనుకొనే నాకు వెంటనే నమ్మకం కుదరలేదు.

1981 సెప్టెంబరు నాటి నిర్దేశం ప్రకారం ఐపీ చిరునామా 32 బిట్లు. మొత్తం 429 కోట్ల పైచిలుకు. నిజానికి చిరునామా యంత్రానికి కాదు, దాని రేవుకు, అంటే కార్డుకు, చెందుతుంది. "ఫలానా చిరునామా ఎవరిది?" అని స్థానిక వలలో కేక వేస్తే, దాని సొంతదారు "నాదే" అని పలికే ఏఆర్‌పీ పద్ధతి 1982లో వచ్చింది. ఒక కార్డు ఒక్క పేరుకే పలకాలన్న నియమం అందులో లేదు. కిటుకంతా అక్కడే ఉన్నది.

దాని అవసరం 1990లలో బాగా తెలిసివచ్చింది. అప్పటి బ్రౌజరు ఫలానా పుట కావాలని అడిగేదే గాని, అది ఏ జాలస్థలిలోనిదో చెప్పవలసిన పని లేదు. కబురు ఏ చిరునామాకు వచ్చిందో చూసి సర్వరే పోల్చుకోవాలి. ఒక సర్వరులో ఇరవై జాలస్థలులుంటే ఇరవై చిరునామాలన్నమాట! లినక్సులో ఒకే కార్డుకు ఈత్0:0, ఈత్0:1 అంటూ మారుపేర్లు తగిలించేవారు. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1, జాలస్థలి పేరును కూడా చెప్పి తీరాలన్నది. దానితో ఒకే చిరునామాలో వేలమందికి చోటు దొరికింది. మనబోటివారి ఉచిత పుటలు ఆ చలువే.

దాని కష్టమూ మనవారు చవిచూశారు. 2006 జూలైలో కొద్ది పుటలను నిలిపివేయమని ప్రభుత్వం ఆదేశిస్తే, వాటిని విడిగా ఆపలేని కొన్ని ఇంటర్నెట్ సంస్థలు బ్లాగ్‌స్పాట్‌నే మొత్తంగా మూసివేశాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. వంటలు, పద్యాలు వ్రాసుకొనేవారి పుటలు సైతం కొన్నాళ్ళు కనబడకుండా పోయాయి. ప్రతి పుటకూ తనదైన చిరునామా ఉండి ఉంటే ఆ దెబ్బ ఇందరికి తగిలేది కాదు.

రహస్యలిపి జాలస్థలులకు మాత్రం మారుపేర్ల అవసరం మరికొంతకాలం సాగింది. అక్కడ సర్వరు జాలస్థలి పేరు వినకముందే ధ్రువపత్రం చూపవలసివచ్చేది. 2003లో దీనికి విరుగుడు నిర్దేశించినా పాత బ్రౌజర్లు అందుకోలేదు. ఈలోగా 2011 ఫిబ్రవరి 3న చిరునామాల కేంద్ర నిల్వ నిండుకొన్నది.

1995లోనే రూపుదిద్దుకొన్న ఆరవ ఐపీలో చిరునామా 128 బిట్లు. అందులో ఒక కార్డుకు స్థానిక వలకొకటి, బయటి లోకానికి మరొకటి ఉండడం మొదటినుంచీ మామూలే.